శాడిల్ మీద కులం లేదట!

“శాడిల్ ఎక్కాక కులం ఉండదు సార్. అక్కడ అందరూ రైడర్లే.”

ఈ మాట నాతో అన్నది మన డెల్టాలోని ఒక సైకిల్ క్లబ్బు నిర్వాహకుడు. క్లబ్బు పేరు రాయను, ఆయన పేరూ రాయను. రాస్తే చర్చంతా ఆయన మంచోడా చెడ్డోడా అన్నదాని మీదికి పోతుంది. మంచోడే. పంక్చర్ పడితే ఆగి ట్యూబు మార్చిపెట్టే మనిషి. నాకు పేచీ మనిషితో కాదు, ఆ వాక్యంతో. ఆ వాక్యం మీ కాలేజీల్లో కూడా తిరుగుతోంది కాబట్టి ఈసారి దాని గురించే రాస్తున్నాను. క్రికెట్ గ్రౌండులో కులం లేదంటారు, కార్పొరేట్ ఆఫీసులో లేదంటారు, ఇప్పుడు సైకిల్ సీటు మీద కూడా లేదంటున్నారు. మరి ఎక్కడుంది? మీరే తెచ్చారంటారు. మనం ఏదో జేబులో వేసుకొచ్చి అక్కడ పారబోసినట్టు!

ముందు చట్టం చదవండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దాన్ని సవరించారు. 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. అందులో సెక్షన్ 3(1)(జెడ్ఏ)(బి) తీయండి. ఎస్సీ గానీ ఎస్టీ గానీ బహిరంగ ప్రదేశంలో సైకిలో మోటార్ సైకిలో ఎక్కకుండా, నడపకుండా అడ్డుకుంటే నేరం. చెప్పులు వేసుకోకుండా, కొత్తబట్టలు కట్టుకోకుండా అడ్డుకుంటే నేరం. పెళ్ళి ఊరేగింపు తీయనివ్వకపోయినా, అందులో గుర్రం ఎక్కనివ్వకపోయినా నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు.

సైకిల్ అన్న మాట ఆ చట్టంలో ఉంది తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. 2014 సెప్టెంబరులో మన మంగళ్‌యాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరింది. ఆ మరుసటి ఏడాది ఇదే దేశపు పార్లమెంటు కూర్చుని, మనిషిని సైకిల్ ఎక్కనివ్వండిరా అని చట్టం రాసుకోవాల్సి వచ్చింది. ఎవరూ ఎక్కడా ఆపకుండానే రాశారంటారా? మరి శాడిల్ మీద కులం లేదన్నవాళ్ళు ఆ సెక్షన్ ఎవరికోసం పుట్టిందో చెప్పాలి.

గ్రూప్ రైడ్ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు కాస్త చెప్తాను. ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి ఒకచోట చేరతారు. హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ముందు ఒకడు దారి చూపిస్తాడు, అతను లీడ్. అందరికన్నా వెనక ఇంకొకడు వస్తాడు, అతను స్వీప్. ఎవరు వెనకబడినా స్వీప్ వాళ్ళతోనే ఉంటాడు. దీన్ని ‘నో డ్రాప్’ రైడ్ అంటారు, అంటే ఎవర్నీ దారిలో వదిలేయరు. నిజం చెప్తున్నాను, ఈ నియమం నాకు చాలా నచ్చింది. నేను మూడు రైడ్లకు వెళ్ళాను. నాకు సైకిలంటే ఇష్టం. సెకండ్ హ్యాండులో కొన్న గేర్ల సైకిల్ ఉంది. ఈ వ్యాసం సైకిల్ మీద ద్వేషంతో రాస్తున్నది కాదు.

మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో కొండలు లేవు. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు నేల, గచ్చు చేసినట్టు చదునుగా ఉంటుంది. రైలు గేటు మీద కట్టిన ఫ్లైఓవరే మనకు హిమాలయం. అందుకని ఎత్తు ఎక్కాలన్న సరదా ఉన్నవాళ్ళు గుంటూరు దాటి, ఫిరంగిపురం వైపు కొండవీడు పోతారు. అక్కడ ఘాట్ రోడ్డు ఉంది. నేనూ పోయాను. ఆ మలుపుల్లో తొడలు మండుతుంటే, కింద పొలాలు పచ్చగా అగ్గిపెట్టెల్లా కనిపిస్తుంటే, గుండె ఎంత కొట్టుకుంటుందో అంత సంతోషంగా ఉంటుంది. ఆ సంతోషం మన పిల్లలకు కూడా దక్కాలి. అందుకే ఇంత కోపం.

ఇక ఆ రైడ్లో ఏం జరిగిందో వినండి. దీన్ని ‘సోషల్ రైడ్’ అన్నారు. పోటీ కాదు, పక్కపక్కనే మాట్లాడుకుంటూ తొక్కడం. గుంటూరు దాటేలోపు నా పక్కకు ముగ్గురు వచ్చారు. ముగ్గురూ ఒక్కటే వరసలో అడిగారు. ఏ ఊరు సార్? ఏం చెప్తారు? ఇంటిపేరు? ఇంటిపేరు చెప్పాక మూడోవాడు గేరు మార్చి ముందుకు పోయాడు. అనుమానంతో చెప్తున్నానంటారా? సరే, నా అనుమానమే అనుకోండి. కానీ అంతకుముందు మాట్లాడుకున్నవి నేను విన్నాను. ఫలానా ఊళ్ళో నాలుగెకరాలు అమ్మకానికి వచ్చింది, డల్లాస్‌లో ఉన్న బావమరిది కొడుక్కి సంబంధం చూస్తున్నారు, ఫలానా ఆసుపత్రిలో మనవాడే డాక్టరు, ఫోన్ చేస్తే చాలు. సోషల్ రైడ్‌లో ఉన్న ‘సోషల్’ ఇది. భూమి, సంబంధం, సిఫారసు. పూర్వం ఇది రచ్చబండ మీద నడిచేది. ఇప్పుడు దానికి రెండు చక్రాలు వచ్చాయి.

కొండ మీద ఒకాయన చరిత్ర పాఠం చెప్పాడు. రెడ్డిరాజులు, కోట, శ్రీనాథుడు, చివరికి 1515లో కృష్ణదేవరాయలు దీన్ని పట్టుకోవడం. నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినవాణ్ణి, శ్రీనాథుడి మీద నాకేం శత్రుత్వం లేదు. కానీ ఆ రాళ్ళు ఆ కొండ మీదికి ఎవరి భుజాల మీద ఎక్కాయన్న మాట ఆ పాఠంలో రాలేదు. ‘మన రాజులు’ అని రెండుసార్లు వచ్చింది. దాన్ని ఎవరూ రాజకీయం అనలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

దిగేటప్పుడు ఒకాయన నాకు డ్రాఫ్టింగ్ నేర్పించాడు. ముందు సైకిల్ వెనక ఒక మూరెడు దూరంలో తొక్కితే ఎదురుగాలి మనకు తగలదు. పాతిక, ముప్పై శాతం శ్రమ కలిసొస్తుందంటారు. అదే వేగం, తక్కువ ఆయాసం. ఆ పాఠం విన్నప్పుడు నాకు మా స్టాఫ్ రూములో ప్రతి ఏడాదీ జరిగే వాదన గుర్తొచ్చింది. మెరిట్ వాదన. తాత కరణం, తండ్రి ఇంజినీరు, మేనమామ అమెరికాలో. ఇన్ని తరాలు ముందుండి గాలి కోసిపెడితే వాళ్ళ వెనక హాయిగా తొక్కుకుంటూ వచ్చినవాడు, తన కుటుంబంలో మొట్టమొదట బడికి వెళ్ళి ఒంటరిగా ఎదురుగాలిలో తొక్కినవాణ్ణి చూసి ‘నీకు దమ్ము లేదు, రిజర్వేషన్ మీద వచ్చావు’ అంటాడు. ఒక గంట సేపు ఎదురుగాలిలో తొక్కి చూస్తే ఎవరికైనా అర్థమయ్యే విషయం ఇది. సైకిల్ మీద అర్థమైనవాళ్ళకు కూడా దిగాక అర్థం కాదు. అదే వింత.

మన భాషలో సైకిల్ ‘తొక్కడం’ అంటాం. మనుషుల్ని తొక్కిపెట్టడానికీ అదే మాట. వ్యాకరణం పుస్తకాల్లో దీన్ని నానార్థం అంటారు. మా పల్లెలో అలా విడదీసి చెప్పుకోరు.

మా నాన్న సంగతి చెప్తాను. రేపల్లె దగ్గర ఒక ఊరు, పేరెందుకు. మా తాత పాలేరు. నాన్న ఎస్సీ హాస్టల్లో చదివి ఎలిమెంటరీ స్కూలు టీచరయ్యాడు. మొదటి జీతాలు కూడబెట్టి ఒక సైకిల్ కొన్నాడు. డైనమో లైటు, వెనక క్యారియర్, నిండా చైన్ కవర్. మా పల్లె నుంచి మెయిన్ రోడ్డుకు రావాలంటే ఊరి మధ్య నుంచే రావాలి, వేరే దారి లేదు. పెద్దోళ్ళ అరుగుల ముందు సైకిల్ మీద పోకూడదన్న శాసనం ఎక్కడా రాసి లేదు. బోర్డు లేదు, దండోరా లేదు. ‘ఏమయ్యా మేష్టారూ, సైకిల్ మీదే పోతన్నావే’ అని నవ్వుతూ ఒకడు అనేవాడు, అంతే. నాన్న దిగడు. దిగితే తలొంచినట్టు. దిగకపోతే మర్నాడు తాతకు పనుండదు.

నాన్న ఏం చేసేవాడంటే, సరిగ్గా ఆ అరుగు దగ్గరికి వచ్చేసరికి ‘చైన్ పడిపోయింది’ అని దిగేవాడు. వంగి చైన్ చూస్తున్నట్టు చూసి, సైకిల్ నడిపించుకుంటూ అరుగు దాటాక మళ్ళీ ఎక్కేవాడు. ముందు రాడ్డు మీద కూర్చుని నేనూ దిగేవాణ్ణి. అంత కొత్త సైకిల్‌కి రోజూ ఒకే చోట చైన్ ఎందుకు పడుతుందో, పడిన చైన్‌ని కవర్ విప్పకుండా ఎలా ఎక్కిస్తున్నాడో నాకు ఆరేడేళ్ళప్పుడు అంతుచిక్కేది కాదు. నాన్న చేతికి గ్రీజు మసి అంటడం ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటర్లో ఉండగా అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. పేపరు చదువుకుంటున్నాడు, చదువుకుంటూనే ఉన్నాడు.

ఇది 1990ల మాట, రాజుల కాలంలోది కాదు. శాడిల్ మీద కులం ఉండదన్న మాట నాకు ఎక్కడ గుచ్చుకుంటుందో ఇప్పుడు తెలిసిందా?

వాహనం మీద కులం కొత్తదేం కాదు. 1893లో కేరళలో అయ్యన్‌కాళి ఎడ్లబండి కొనుక్కుని, తలపాగా చుట్టుకుని, మనకు నిషేధమైన వీధుల్లో తోలాడు. దెబ్బలాటలు జరిగాయి, అయినా తోలాడు. 1929లో బాబాసాహెబ్ చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే, అంటరానివాడికి బండి తోలనని టాంగావాలాలు మొండికేశారు. బండి మాత్రం అద్దెకిచ్చారు. తోలడం రాని మనవాడొకడు కళ్ళెం పట్టుకున్నాడు, కల్వర్టు దగ్గర టాంగా పల్టీ కొట్టింది, బాబాసాహెబ్ కాలు విరిగింది. అప్పటికే ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన బారిస్టరు. కూలికి బండి తోలుకునేవాడు కూడా ఆ బారిస్టరు కన్నా తానే ఎక్కువనుకున్నాడు. ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇదంతా రాసుకున్నాడు. చదవనివాళ్ళుంటే ఈ వారమే చదవండి, చాలా చిన్న పుస్తకం.

సైకిల్ మనకెప్పుడూ సరదా సామాను కాదు, బతుకుతెరువు. నిజాంపట్నం చేపలు బుట్టలో పెట్టుకుని రేపల్లె వీధుల్లో అమ్మినవాళ్ళు, ఐస్‌ఫ్రూట్ డబ్బా కట్టుకున్నవాళ్ళు, పొద్దున్నే పేపర్లు వేసే పిల్లలు, బాపట్లలో మేస్త్రీ పనికి క్యారేజీ తగిలించుకుని పోయేవాళ్ళు, వీళ్ళందరూ ఈ క్లబ్బుల కన్నా ముందు నుంచే ఆదివారం కూడా తొక్కుతున్నారు. వాళ్ళనెవరూ సైక్లిస్టులు అనరు. అదే రోడ్డు మీద, అదే టైముకు, ఒకడు తొక్కితే కూలోడు, ఇంకొకడు తొక్కితే రైడర్. ఆగస్టులో నాట్లు పడుతుంటాయి. రైడర్లు గట్టు మీద ఆగి, నడుము వంచిన ఆడవాళ్ళను ఫోటోలు తీసి ‘పల్లె అందాలు’ అని పెడతారు. ఆ వంగిన నడుముల్లో మా పిన్నిది కూడా ఉంటుంది. ఆమెను అడిగి తీశారా? ఆ రోజు కూలెంతో అడిగారా? మూడు రైడ్లలోనూ మేము ఊళ్ళ మీదుగా పోయాం, చెరువుగట్ల మీదుగా పోయాం, గుళ్ళ దగ్గర ఆగాం. ఒక్క మాలపల్లెలోకి, ఒక్క మాదిగపల్లెలోకి తిరగలేదు. మ్యాపులో ఆ రోడ్లూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ఆగస్టు మొదటి ఆదివారం తెనాలి నుంచి చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్ల పోయి, సూర్యలంక తీరంలో టిఫిన్ చేసి రావాలని క్లబ్బు ప్రోగ్రాం వేసింది. నేను గ్రూపులో ఒక మాట పెట్టాను. ‘చుండూరు మీదుగానే కదా పోతున్నాం, రక్తక్షేత్రం దగ్గర రెండు నిమిషాలు ఆగుదాం.’ అంతే పెట్టాను. ఉపన్యాసం అడగలేదు, నినాదాలు అడగలేదు. గంటలో ఆ మెసేజ్ తీసేశారు. ఫోన్ వచ్చింది. “మనది నాన్ పొలిటికల్ గ్రూప్ సార్. శాడిల్ ఎక్కాక కులం ఉండదు...”

మీలో చాలామంది 2000 తర్వాత పుట్టినవాళ్ళు, అందుకని మళ్ళీ చెప్తున్నాను. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్ల కుర్రాడికి తగిలింది. ఆ యువకుడు పీజీ చదివినవాడు. కాలు తగలడం కన్నా ఆ చదువే ఎక్కువ గుచ్చుకుంది. దళితులకు పనులు బంద్ చేశారు. ఆగస్టు 6న ఇళ్ళ మీద పడి, పొలాల్లో తరిమి, ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో వేశారు. మనవాళ్ళు ఆ శవాలను ఊరవతల పూడ్చడానికి ఒప్పుకోలేదు, ఊరి నడిబొడ్డునే పూడ్చారు. అదే రక్తక్షేత్రం. ఘటన జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పోరాడి సాధించారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది మంది చచ్చారు, చంపినవాళ్ళు మాత్రం లేరు!

ఇదే క్లబ్బు ఏప్రిల్ 14న జయంతి రైడ్ చేసింది. అంబేద్కర్ విగ్రహానికి దండ వేసి, హెల్మెట్లు చేత్తో పట్టుకుని ఫోటో దిగింది. అది రాజకీయం కాలేదు. కొండవీడులో ‘మన రాజులు’ రాజకీయం కాలేదు. గుడి దగ్గర ఆగడం రాజకీయం కాలేదు. సమాధుల దగ్గర రెండు నిమిషాలు నిలబడదామంటే రాజకీయమైంది. విగ్రహం ఎవర్నీ ఏమీ అడగదు కాబట్టి వాళ్ళకు ఇబ్బంది లేదు. సమాధి ‘ఎవరు చంపారు?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళు, ఆ జవాబుతో చుట్టరికం ఉన్నవాళ్ళు ఆ గుంపులో ఉంటే ఆగడం కష్టమే మరి. నో డ్రాప్ రైడ్ అన్నారు. ఎనిమిది మందిని చుండూరులో వదిలేసి సూర్యలంకలో ఇడ్లీ తిందామన్నారు.

నేను ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను. కొందరు విద్యార్థులు, ‘లోపలే ఉండి మార్చాలి కదా సార్’ అన్నారు. లోపల ఉండి మార్చగలిగితే ఉండండి, నేను వద్దనను. మెసేజ్ తీసేసే హక్కు ఒకరి చేతిలోనే ఉన్నచోట మారేదేమిటో నాకు చెప్పండి. ఇంకొకరు, ‘మనం కూడా క్లబ్బు పెట్టుకుంటే మనమూ కులం పేరుతో విడిపోయినట్టే కదా’ అన్నారు. విడగొట్టింది ఎవరో ఊరి మ్యాపు చూస్తే తెలుస్తుంది. పల్లె ఊరికి దూరంగా తనంతట తాను నడిచి వెళ్ళలేదు.

మనవాళ్ళను కూడా ఒక మాట అనాలి. ప్రతి ఆగస్టు 6కి చుండూరులో కార్లు బారులు తీరతాయి. నాయకులు దిగుతారు, దండ వేస్తారు, ఫోటో దిగుతారు, భోజనాల టైముకు వెళ్ళిపోతారు. కారంచేడు మాదిగలది, చుండూరు మాలలది అని మనలో మనమే వాటాలు పంచుకుని, జూలై 17కి వీళ్ళు, ఆగస్టు 6కి వాళ్ళు విడివిడిగా పోతారు. 1985లో కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు ప్రాణాలరచేత పెట్టుకుని చీరాల చేరినవాళ్ళ శిబిరంలోంచే దళిత ఉద్యమం లేచింది, ఆ ఉద్యమం చుండూరుకు అండగా నిలబడింది. ఈ రెండింటికీ మధ్య గోడ కడుతున్నది మనమే. క్లబ్బువాళ్ళను తిట్టినంత గట్టిగా దీన్ని కూడా తిట్టుకోవాలి.

1983లో కాన్షీరాం గారు డిఎస్4 తరఫున ఢిల్లీ నుంచి సైకిల్ యాత్ర తీశారు. కార్లు లేవు, డబ్బు లేదు, పత్రికలు రాయలేదు. సైకిళ్ళే ప్రచార రథాలయ్యాయి. మరుసటి ఏడాది బీఎస్పీ పుట్టింది. సైకిల్ మనిషిని ప్రతి పల్లెలో ఆపుతుంది. దాహం వేస్తుంది, మంచినీళ్ళు అడగాలి, ఎవరి గ్లాసులో ఇస్తారో తెలిసిపోతుంది. కారు అద్దం ఎక్కించుకుని పోయేవాడికి ఆ సంగతి తెలియదు.

కాబట్టి మనం పోదాం. ఈ ఆగస్టు 6 ఉదయం 5 గంటలకు తెనాలి రైల్వే స్టేషన్ ముందు. తెనాలి నుంచి చుండూరు, రక్తక్షేత్రం దగ్గర ఎంతసేపు కావాలంటే అంతసేపు. అక్కడి నుంచి బాపట్ల, చీరాల, ఓపిక ఉన్నవాళ్ళు కారంచేడు దాకా. దారిలో ప్రతి పల్లెలోకి తిరుగుదాం. గేర్ల సైకిల్ అక్కర్లేదు, గవర్నమెంటు స్కూల్లో ఇచ్చిన సైకిల్ చాలు. ఆడపిల్లలు ముందుంటారు, లీడ్ వాళ్ళదే. స్వీప్ నేనుంటాను. అమర్తలూరు, వేమూరు, భట్టిప్రోలు వైపు నుంచి వచ్చేవాళ్ళు నేరుగా చుండూరులో కలవండి. సైకిల్ లేనివాళ్ళు ముందురోజు రాత్రిలోపు చెప్తే ఎవరిదో ఒకరిది సర్దుదాం, లేదంటే డబుల్స్. గాలిపంపు ఒకటి నా దగ్గరుంది, పంక్చర్ సామాను ఇంకెవరైనా తెండి. వాన రావచ్చు, ఫోన్లకు కవర్లు పెట్టుకోండి.

జై భీమ్.